కూతురి వాటాకు వేళ ఎప్పుడు?

(మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు గురించి మాట్లాడమన్నారు. మన చట్టాల సంగతి రోజూ ఊళ్లలో తిరిగే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకని ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా గురించి చెబుతాను. ఒక దేశాధ్యక్షుడు సమానత్వం మీద ప్రసంగిస్తే ఎదుటి పక్షాలు ఏమన్నాయి, ఆ మాటలు ఎక్కడ తేలాయి అన్నది మనకు పనికొచ్చే విషయం.

ఆ దేశంలో 1956 ఆగస్టు 13న కుటుంబ చట్టం వచ్చింది. బహుభార్యాత్వాన్ని నిషేధించింది. భర్త నోటిమాటతో విడాకులు చెల్లవు, కోర్టుకు రావాలంది. ఆ తేదీనే అక్కడ మహిళా దినం. అంత గట్టి చట్టం కూడా వారసత్వం జోలికి పోలేదు. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. స్త్రీ పురుషులు సమానమని 2014 రాజ్యాంగం రాసుకున్నాక కూడా అదే లెక్క.

2017 ఆగస్టు 13న అధ్యక్షుడు బెజీ కాయిద్ ఎసెబ్సీ ఈ లెక్క మారాలన్నాడు. స్త్రీవాది, న్యాయవాది బొష్రా బెల్హాజ్ హ్మీదా అధ్యక్షతన కమిటీ వేశాడు. ముస్లిం స్త్రీ ముస్లిమేతరుణ్ని పెళ్లాడకుండా అడ్డుపడే 1973 నాటి సర్క్యులర్ తీసేయమన్నాడు. సెప్టెంబరులోనే అది పోయింది. ఒక సంతకంతో పోయేది కాబట్టి పోయింది. భూమి అలా కదలదు.

మతం ఒప్పుకోదన్నవాళ్లు ఉన్నారు. ఈజిప్టులోని అల్ అజ్హర్ నుంచి కూడా ఆ మాట వచ్చింది. కమిటీ నివేదిక వచ్చాక, 2018 ఆగస్టు 11న వేలమంది పార్లమెంటు ముందు నిలబడి వద్దన్నారు. వాళ్లలో స్త్రీలూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది గానీ, వాళ్లు దాచిందేమీ లేదు. ఎదురుగా నిలబడ్డవాళ్లతో వాదించవచ్చు.

స్త్రీల ఓట్ల కోసమే ఇదంతా అన్నారు ఇంకొందరు. అయి ఉండవచ్చు. నాయకుడి మనసులో ఏముందో తవ్వుకుంటూ కూర్చోవడం మన పని కాదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చినప్పుడు ఓట్ల లెక్క లేదని ఎవరు చెప్పగలరు? హక్కు వచ్చిందా లేదా అన్నదే మనకు కావాలి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మూడో మాట. 'సమానత్వం మంచిదే, కానీ ఇప్పుడు కాదు. నిరుద్యోగం ఉంది, ధరలు మండుతున్నాయి, ముందు అవి చూడండి.' వినడానికి ఎంత పెద్దమనిషి మాట! అక్కడ పొలం పనుల్లో వంగేది ఎక్కువగా ఆడవాళ్లే, ఆ పొలాలు మాత్రం వాళ్ల పేర లేవు. తండ్రి పొలంలో సగం పాలు దక్కే మనిషికి ఆస్తి హక్కు బువ్వ సమస్య కాకపోతే ఇంకేమిటి?

ఎన్నహ్దా పార్టీ అప్పుడు ప్రభుత్వంలో భాగస్వామి. 2017లో తేల్చి చెప్పకుండా ఊరుకుంది. 2018 జూలైలో ఆ పార్టీ మనిషి సుఆద్ అబ్దుర్రహీం రాజధాని ట్యునిస్‌కు తొలి మహిళా మేయర్ అయింది. ఆగస్టు చివర్లో అదే పార్టీ మండలి సమాన వారసత్వాన్ని తిరస్కరించింది. నగరాన్ని ఆడమనిషి చేతికి ఇవ్వవచ్చు. అన్నతో సమంగా పొలం గట్టు మీద నిలబెట్టకూడదు.

ఎసెబ్సీ కూడా మెత్తబడ్డాడు. పాత పద్ధతే కావాలనుకునేవాళ్లకు ఆ వీలు ఉంచుతానని 2018 ప్రసంగంలో అన్నాడు. ఎవరి ఇష్టమది? ఆస్తి ఉన్న తండ్రిది. కూతుర్ని అడిగేవాళ్లు లేరు. నవంబరులో మంత్రివర్గం బిల్లును ఆమోదించింది. పార్లమెంటులో ఓటింగే జరగలేదు. 'కాదు' అని చెయ్యెత్తే అవసరం కూడా ఎవరికీ రాకుండా బిల్లు మూలపడింది. 2019 జూలై 25న ఎసెబ్సీ చనిపోయాడు. తర్వాత వచ్చిన కైస్ సయీద్ 2020 ఆగస్టు 13న, అదే మహిళా దినాన, వారసత్వంపై ఖురాన్ మాట స్పష్టంగానే ఉందన్నాడు. ఎదుటివాళ్లు అన్న మాట అధ్యక్షుడి నోటే వచ్చింది.

దీన్ని 'వాళ్ల మతం అంతే' అని ఎవరైనా వాడుకుంటే ఒప్పుకోకండి. ఆ చట్టం కోసం వీధుల్లో నడిచిన ఆడవాళ్లూ ముస్లింలే. మన సంగతి చూడండి. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన మన సవరణ, అప్పటికే పెళ్లయిన కూతుళ్లను బయటే ఉంచింది. 2005లో కేంద్ర చట్టం వచ్చాకే ఆ గీత చెరిగింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అన్న చిక్కు సుప్రీంకోర్టులో తీరేసరికి 2020 ఆగస్టు 11 అయింది, సయీద్ ప్రసంగానికి సరిగ్గా రెండు రోజుల ముందు.

అయినా పంపకాల రోజున మన ఇళ్లలో ఏం జరుగుతోంది? 'కట్నం ఇచ్చాం కదమ్మా', 'పసుపు కుంకుమ కింద ఆ చెక్క రాశాం కదా', 'తమ్ముడు అప్పుల్లో ఉన్నాడు, ఇప్పుడు అడుగుతావా?' అని హక్కు విడుదల పత్రం ముందు పెడతారు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో చాలామంది సంతకం పెడతారు. ఆ 'ఇప్పుడు' అన్న మాట గమనించండి.

మధ్యాహ్నం చర్చలో నా మాటలు వద్దు. మీ మండలాల్లో ఆడపిల్ల వాటా అడిగినప్పుడు ఇంట్లో ఎవరు ఏ కారణం చెప్పారో, ఆమె ఏం జవాబు ఇచ్చిందో చెప్పండి, రాసుకుంటాను.