చిన్న కడుపుతో కొత్త కాపురము
(మలంచాలో జరిగిన తెలుగు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనమున చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను సాహిత్య విషయమేదైన మాటలాడుమనిరి. నేను పట్టభద్రుడనైనది సాహిత్యముననే, కాని యీ యేడాదిన్నరగా నన్ను చూచిన వారందరును అడుగుచున్న ప్రశ్న వేరు: "ఏమండీ, జబ్బేమైనా చేసిందా?" ఒకరిద్దరు నన్ను గుర్తుపట్టలేదు కూడ. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పుటకంటె సభలో ఒక్కసారి చెప్పుట మేలని యీ విషయమునే యెన్నుకొంటిని. నేను వైద్యుడను కాను, రోగిని. నా మాటలకు ఆ మేరకే విలువ నిండని మనవి.

నేను మలంచాలో పెరిగినవాడనని పెద్దలకు తెలియును. మా తండ్రిగారు రైల్వేలో పనిచేసిరి. మధుమేహము వలన మూత్రపిండములు చెడి, ఏబదియెనిమిదవ యేట పోయిరి. నాకు నలుబదినాలుగవ యేడు వచ్చునప్పటికి నా బరువు 128 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. బరువును మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముతో భాగించగా వచ్చు అంకెను బి.ఎం.ఐ. అందురు. నాకది 45. మన దేశీయులకు 23 దాటిన అధిక బరువనియు, 25 దాటిన స్థూలకాయమనియు లెక్క. మధుమేహమును, రక్తపోటును నాకును వచ్చినవి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చెడిది. అందుచేత పగలు ఫైలు చేతబట్టుకొని కునికెడివాడను. సచివాలయమున కునుకు వింత కాదని మీరు నవ్వవచ్చును. నా కునుకుమాత్రము జబ్బు.

మన ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారము పొడవు 1072 మీటర్లు. ప్రపంచమున కెల్ల పొడవైనదని చిన్ననాడు గొప్పగా చెప్పుకొనెడివారము. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయినవి. మన గొప్ప కొంత తగ్గినది. కిందటి దసరాకు ముందటి దసరానాడు నేను చివరి పెట్టెలో దిగి, బయటికి వచ్చులోపల నాలుగుసార్లు బెంచీలమీద కూలబడితిని. నా మేనల్లుడు నా సామాను పట్టుకొని, ఒక్క మాటయు అనక, ప్రతి బెంచీవద్దను నిలుచుండెను. వాడేమైన అనియున్న నాకు కోపము వచ్చియుండెడిది. అనలేదు కనుకనే శస్త్రవైద్యుని వద్దకు పోయితిని.

అంతకుముందు పథ్యములు చేయలేదా యందురు. చేసితిని. రెండుసార్లు పదునైదేసి కిలోలు తగ్గి, రెండుసార్లును ఇరువదేసి కిలోలు పెరిగితిని. దీనిని నోటి కట్టుబాటు లేకపోవుటగా నేనును చాలకాలము తలచితిని, సిగ్గుపడితిని. కాని జీర్ణాశయపు పైభాగము నుండి "గ్రెలిన్" అను ఆకలి హార్మోను పుట్టుననియు, బరువు తగ్గినకొలది శరీరము దానిని హెచ్చించి పాత బరువునకే లాగుననియు వైద్యులు చెప్పిరి. దీనిని జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొనిరి. ఆ మాట విన్ననాడు సగము బరువు అక్కడనే దిగినట్లయినది.

ఈ చికిత్స కొత్తది కాదు. అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు 1966లోనే జీర్ణాశయమును దాటించు శస్త్రచికిత్స చేసెను. మన దేశమున నితిన్ గడ్కరీగారు 2011లోను, అరుణ్ జైట్లీగారు 2014లోను ఇట్టి చికిత్సలు చేయించుకొన్నప్పుడు పత్రికలలో వచ్చినది. కొవ్వును తోడివేయుట వేరు, ఇది వేరు. పలువురు ఒకటే యనుకొనుచున్నారు. నాకు చేసినది జీర్ణాశయములో ఇంచుమించు ముప్పాతిక భాగమును తీసివేసి, మిగిలినదానిని అరటికాయవలె గొట్టముగ కుట్టుట. కడుపుమీద ఐదు చిన్న రంధ్రములు, అంతే. ఆ సాయంకాలమే నడిపించిరి. మొదటి దినములలో కుట్టు కారినచో ప్రాణాపాయము; జ్వరము, నాడివేగము హెచ్చిన వెంటనే రావలెనని మరీమరీ చెప్పిరి. నాకట్టిది జరుగలేదు.

అసలు కథ ఇంటికి వచ్చిన పిమ్మటనే. రెండు వారములు ద్రవములు మాత్రమే: పలుచని మజ్జిగ, పప్పుకట్టు, కారములేని చారు. అదియు గుటకలు గుటకలుగ, దినమంతయు. నా భార్యకు సెలవు తీరిపోగా, మూడవ వారమున వైద్యుని అనుమతితో ఇక్కడ మలంచాలోని మా అక్క యింటికి వచ్చితిని. మెత్తగ మెదిపిన ఆహారము పూటకు నాలుగైదు చెంచాలు తినవలసిన కాలమది. మా అక్క చూచి, "ఏటిరా ఇది, పసిపిల్లడికన్నా తక్కువ తింతన్నావు! నా చేతివంట అంత చేదయిపోయిందేటిరా?" అని కన్నీరు పెట్టుకొనెను. మా తండ్రిగారు పోయిన పిమ్మట నన్ను తన చేతితో తినిపించి చదివించినది ఆమె. ఆమె పెట్టిన గారె వద్దనుట నాకు ఆ శస్త్రచికిత్సకంటె కష్టమైనది. చెప్పిచూచితిని, వినలేదు. చాటుగ ఒక ముద్ద పెరుగన్నము ఎక్కువ కలిపి పెట్టెను. నేను మొగమాటపడి తింటిని. రొమ్ములో రాయి పడినట్లై, అర్ధగంట తరువాత అంతయు కక్కితిని.

మరునాడు ఆమె అటకమీది పెట్టె దింపి, మా మేనల్లుని ఉగ్గుగిన్నె తీసి తోమెను. దానితో కొలిచి పప్పు పెట్టెను. మరి యేమియు అనలేదు. ఆనాటి నుండి ఆ యింట నా కొలపాత్ర అదియే.

ఇప్పుడు నా భోజనక్రమము చెప్పెదను. మొదట మాంసకృత్తులు: చేప, గుడ్డు, పప్పు, పెరుగు. దినమునకు 60 నుండి 80 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఒక గుడ్డులో ఉండునది ఆరు గ్రాములే. బంగాళములో చేపకు కొదువలేదు గనుక నాకు సులువైనది. తరువాత కూరలు. అన్నము చిట్టచివర, చోటున్నచో. మనము విస్తరిలో ముందు అన్నము గుట్టపోసి, పప్పును దానికి సాక్షిగ పెట్టెడివారము. ఆ క్రమము తలక్రిందైనది. ముద్దను ఇరువది ముప్పది మారులు నమలవలెను. భోజనముతో నీరు త్రాగరాదు, అరగంట ఆగవలెను. మద్యము అలవాటున్నవారు మరింత జాగ్రత్తపడవలెను. ఈ కడుపున అది త్వరగా తలకెక్కును.

కిందటి విజయదశమికి పొరుగింటి బంగాళీవారు రసగుల్లాలు తెచ్చిరి. ఎనిమిది నెలలైనదిగదా యని ఒకటి మింగితిని. పదునైదు నిమిషములలో గుండె దడ, చెమటలు, కళ్ళు తిరుగుట, గంటసేపు పండుకొంటిని. చక్కెర ఒక్కుమ్మడిగ ప్రేగులలోనికి దిగినపుడు ఇట్లగునట. అప్పటినుండి రసగుల్లాను నమస్కారముతో పలుకరించుచున్నాను.

నాలుగవ నెలలో జుట్టు రాలినది. చాలమందికి రాలి మరల వచ్చునందురు. నాకు కొంత వచ్చినది, కొంత వయస్సు ఖాతాలో పోయినది. బి12, ఇనుము, కాల్షియము, డి విటమినులు బ్రదికినంతకాలము తీసికొనవలెను. ఇనుమును కాల్షియమును ఒకే వేళ వేసికొనరాదు. మాత్రలలో ఫోలిక్ ఆమ్లము కూడ ఉన్నది. దానిని చేతిలో వేసికొన్నప్పుడెల్ల నాకు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి వత్తురు. తిన్నది ఒంటబట్టనీయని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయన నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. ఈ చికిత్స చేయించుకొన్న స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భము ధరింపరాదని కూడ ఇచటి సోదరీమణులకు తెలుపుచున్నాను.

ఇక చెప్పుటకు కొంచెము సిగ్గైన సంగతి. ఆకలి పోయినది కాని, తినవలెనను కోరిక పోలేదు. కార్యాలయము నుండి వచ్చిన సాయంకాలము చేతులకు పని తోచెడిది కాదు. కోపమునకు, విసుగునకు, సంతోషమునకు కూడ నాకున్న మందు పకోడీలే యని అప్పుడు తెలిసినది. రెండు నెలలు ఎవరితోను సరిగా మాటలాడలేదు. మా అబ్బాయి చదరంగపు బల్ల తెచ్చి ముందుంచెను. ఇప్పటికిని ప్రతి సాయంకాలము వాని చేతిలో ఓడిపోవుచున్నాను.

నేటికి పదునెనిమిది నెలలు. బరువు 86 కిలోలు. మధుమేహపు మాత్రలు మూడింట ఒకటి మిగిలినది. పగటి కునుకు పోయినది. కాని కిందటి చలికాలమున బిస్కత్తులు, కారపుబూంది మెల్లమెల్లగా జారి, మూడు కిలోలు తిరిగి వచ్చినవి. వానిని దింపుటకు నాలుగు నెలలు పట్టినది. మెత్తనివి, కరకరలాడునవి యీ చిన్న కడుపును సులువుగ మోసగించును. కిందటి దసరాకు మరల చివరి పెట్టెలోనే దిగితిని. మేనల్లుడు సామాను అందుకొనబోగా ఇయ్యలేదు. ఎచ్చటను కూర్చుండక ద్వారమువరకు వచ్చితిని. వాడు వెనుక ఆయాసపడుచు వచ్చెను. వానికి ఇరువదిరెండేండ్లు, తొంబదియెనిమిది కిలోలు. ఇప్పుడు నాకు దిగులంతయు వానిని గూర్చియే. వాడును నేనును ఇక్కడున్న వారము దినములును తెల్లవారి మలంచా రోడ్డున నడుచుచున్నాము, రాదలచినవారు రావచ్చును.

సభానంతరము భోజనములని కార్యదర్శిగారు ప్రకటించిరి. వడ్డించు తల్లులకు ఒక్క విన్నపము. నా విస్తరిలో ఒక చేపముక్క, రెండు చెంచాల పప్పు, కొంచెము కూర చాలును. "ఇంకొంచెం, మామీద ఒట్టు" అనవద్దు. మా మేనల్లుని పంక్తిలోను ఆ మాట అనవద్దని మా అక్క తరఫున కూడ కోరుచున్నాను. ఆమె మూడవ వరుసలో కూర్చున్నది, కాదనదు.