తుఫానుకు ముందే నింపాల్సిన డబ్బా



2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖపట్నం దగ్గర హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. చెట్లు వేళ్లతో సహా లేచాయి, విమానాశ్రయం పైకప్పు చిరిగిపోయింది. మధ్యలో తుఫాను కన్ను నగరం మీదికి వచ్చినప్పుడు కాసేపు గాలి సద్దుమణిగింది. ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. ఆ కాస్త విరామాన్ని చూసి గండం గడిచిందనుకుని వీధిలోకి రావడం ఎంత ప్రమాదమో అక్కడివాళ్లకు బాగా తెలుసు.

అసలు కష్టం మర్నాడు మొదలైంది. కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే మేడ మీది ట్యాంకులోకి నీళ్లెక్కవు. అపార్టుమెంట్ల వాళ్లు బిందెలు పట్టుకుని మెట్లు దిగారు. సెల్‌ఫోన్లు మూగబోయాయి, పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. పాల ప్యాకెట్టుకూ నీళ్ల క్యానుకూ చెప్పిందే ధర. ఏటీఎంలు పనిచేయక, ఖాతాలో డబ్బున్నవాళ్లు కూడా చేతిలో నోటు లేక నిలబడిపోయారు.

పదేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. జనం డాబాలెక్కి కూర్చుంటే పడవలు, హెలికాప్టర్లు, చివరికి డ్రోన్ల మీద కూడా అన్నం, నీళ్లు పంపారు. చుట్టూ నడుముల్లోతు నీళ్లు, గొంతు తడుపుకోవడానికి గ్లాసుడు లేదు. ఇంట్లో బియ్యం బస్తా ఉన్నా అది కిందనే ఉండటంతో తడిసి ముద్దయింది.

ఈ రెండు ఊళ్లూ చెప్పేది ఒకటే. ప్రభుత్వం ఎంత చురుగ్గా ఉన్నా సాయం ప్రతి గడపకూ చేరేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులకు ఇల్లు సిద్ధంగా ఉంటే చాలు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. తాగడానికీ, కాస్త వంటకూ మనిషికి రోజుకు మూడు లీటర్లు. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 36 లీటర్లు. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. అవి మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్నవే. శుభ్రంగా కడిగి, నింపి, మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టాలి. ఆరు నెలలకోసారి ఆ నీళ్లు మొక్కలకు పోసి మళ్లీ నింపుకోవాలి. వరదొచ్చాక పట్టిన నీళ్లయితే తెర్లేదాకా కాచాలి. కాచే వీల్లేనప్పుడు క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. ఎన్ని లీటర్లకు ఒక మాత్రో అట్ట మీదే ఉంటుంది.

తిండి విషయంలో మన వంటిల్లు ఎవరికీ తీసిపోదు. అటుకులు మూడు కిలోలు, పుట్నాల పప్పు రెండు కిలోలు, బెల్లం కిలో, బిస్కెట్ ప్యాకెట్లు నాలుగైదు. పొయ్యి వెలిగించక్కర్లేదు, అటుకులు తడుపుకుంటే చాలు. అంతా కలిపి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. అదీ ఒక్కసారిగా కొననక్కర్లేదు. వారానికో సరుకు చొప్పున తెస్తే నెలలో డబ్బా నిండుతుంది. పాతబడకముందే ఇంట్లో వాడేసి కొత్తవి పోయాలి. మన నాయనమ్మలు కొత్త చింతపండు దింపుకుంటూ పాతది ముందు వాడినట్టే ఇదీ.

మందులను చాలామంది మరిచిపోతారు. బీపీ, షుగరు మాత్రలు ఎప్పుడూ వారం రోజులకు ఎక్కువే ఉండాలి. కరెంటు లేనప్పుడు ఇన్సులిన్ సీసాను నీళ్లు చొరని చిన్న డబ్బాలో పెట్టి, మట్టికుండలో ఉంచి, ఆ కుండను తడి ఇసుకలో నిలపాలి. బయటి వేడి కంటే లోపల చల్లగా ఉంటుంది. విరేచనాలు పట్టుకుంటే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించాలి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ముప్పు.

ఇక కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లను మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టండి. కవరు అంచును పాత హ్యాక్సా బ్లేడు మీదుగా మడిచి, అంచు బ్లేడును దాటి గోరు మందం బయటికి ఉండేలా పట్టుకుని, కొవ్వొత్తి మంటను ఆ అంచు వెంబడి మెల్లగా పోనిస్తే ప్లాస్టిక్ కరిగి అతుక్కుపోతుంది. బకెట్లో ముంచి చూడండి, బుడగ రాకపోతే గట్టిగా అతికినట్టే. వాటితోపాటు కొన్ని వందల రూపాయల చిల్లర నోట్లు, టార్చి, విడి బ్యాటరీలు, చిన్న రేడియో. వీటన్నింటినీ అటక మీద పెట్టాలి, మంచం కింద కాదు.

హెచ్చరిక వచ్చాక కొట్టు మీద ఎగబడి పది పాల ప్యాకెట్లు ఎత్తుకెళ్లడం జాగ్రత్త అనిపించుకోదు. ఆ సాయంత్రం కూలి డబ్బుతో వచ్చే మనిషికి ఒక్క ప్యాకెట్టూ మిగలదు, మిగిలినా ధర అందదు. ఎండ కాస్తున్న రోజుల్లో కొద్దికొద్దిగా కొనుక్కున్నవాళ్ల వల్ల ఎవరికీ లోటు రాదు. ఇంట్లో సరుకు దాచుకోవడంలో ఇదే న్యాయమైన పద్ధతి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన వేల ప్రాణాలు తీసుకుంది. అలాంటి అలకు ఏ అటకా, ఏ డబ్బా ఆగవు. ఖాళీ చేయమని తహసీల్దారు చెబితే ఆ కాగితాలూ మందులూ ఒక సంచిలో పెట్టి భుజాన వేసుకుని పునరావాస కేంద్రానికి బయల్దేరాల్సిందే. వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి, పశువుల పలుపులు విప్పండి.

మన తీరాన్ని ముంచిన పెద్ద తుఫాన్లలో చాలావాటికి అక్టోబరు, నవంబరు నెలలే కాలం. ఇంటికి వెళ్లగానే రెండు క్యాన్లు కడిగి నింపండి. పక్కింట్లో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ ఉంటే ఆమెకూ ఒకటి నింపి పెట్టండి.