కడపటి ముప్పది అడుగులు



అండమాను దీవులలోని తెలుగువారి గృహములందు ఇటీవల తరచుగ వినబడు మాట యొకటి కలదు. “కేబులు వచ్చినది గదా, ఇంకను ఈ అవస్థ యేమి?” అనునదే ఆ మాట. శ్రీకాకుళములోని అమ్మమ్మ ముఖము ఫోనుతెరపై సగము మాటలో నిలిచిపోయినపుడును, విశాఖపట్టణమునుండి చెప్పబడు గణితపాఠము సమీకరణము నడుమ ఆగినపుడును ఇది పుట్టును. వెంటనే ఒకరు సముద్రగర్భమందలి కేబులును నిందింతురు. మరియొకరు వానను నిందింతురు. ఇంకొకరు గత రాత్రి రౌటరులో చేరిన కొత్త ఫర్మ్‌వేరును నిందింతురు. ఈ మూడు నిందలలో సత్యమైనది యేదియో తేల్చుటకు మార్గము కలదా యనునది నేటి ప్రసంగవిషయము.

ముందుగ కేబులు సంగతి. 2018 డిసెంబరు 30న పోర్టుబ్లెయిరులో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన చెన్నై–అండమాన్ నికోబార్ సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభింపబడెను. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పట్టణమే యిది. కేబులు పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయము 1,224 కోట్ల రూపాయలు. చెన్నైనుండి పోర్టుబ్లెయిరుకును, అచటినుండి స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబారులకును ఇది పోవును. అంతకుముందు దీవులకు ఉపగ్రహమే దిక్కు. 36,000 కిలోమీటర్ల యెత్తునకు ప్రశ్న ఎక్కి దిగుటకును, బదులు అదే దారిని మరల వచ్చుటకును సుమారు అర్ధసెకను పట్టెడిది. గాజుతంతువులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, చెన్నైకి పోయి వచ్చుటకు సెకనులో నలువదవ వంతు చాలును.

ఈ దీవులకు నిస్తంత్రి కొత్తది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో, 1905 ప్రాంతముననే, పోర్టుబ్లెయిరుకును బర్మా తీరమందలి డైమండ్ ఐలండుకును నడుమ సుమారు మూడువందల మైళ్ల సముద్రముమీద నిస్తంత్రీ వార్తలు నడచినవి. మూడువందల మైళ్లు దాటిన విద్య, నూరేండ్లు గడచిన పిమ్మట, ముందుగదినుండి వెనుకగదికి ముప్పది అడుగులు దాటలేకపోవుట వింతగ దోచును. కాని రెండును ఒక జాతి పనులు కావు. నాటి యంత్రము నిమిషమునకు కొన్ని మాటలు పంపెడిది. నేటిది సెకనుకు కోట్లకొలది బిట్లు పంపవలెను. పైగా నాడు ఆ ఆకాశమున మాటలాడువారు ఇద్దరే. నేడు ఒక క్వార్టర్ల వరుసలో ఇంటికొక రౌటరు చొప్పున అన్నియు ఒకేసారి మాటలాడుచున్నవి.

ఇంటికి చేరు వార్తకు మూడు దారులు కలవు. సముద్రగర్భ కేబులు మొదటిది. పట్టణములోని ఎక్స్ఛేంజినుండి గుమ్మమువరకు వచ్చు తీగ రెండవది. రౌటరునుండి చేతిలోని ఫోనువరకు గల గాలి మూడవది. వేగమును తెలిసికొనుటకు ఫోనులో సాధారణముగ నొక్కబడు బొత్తాము ఈ మూడింటిని కలిపి కొలిచి ఒక్క అంకెను చెప్పును. మూడింటిలో మిక్కిలి మందమైనదాని వేగమే ఆ అంకె. ఫర్మ్‌వేరు మార్పు తాకునది ప్రధానముగ మూడవదారిని. దాని గుణదోషములను ఆ ఒక్క అంకెతో నిర్ణయించుట, మూడు శాఖలు తిరిగివచ్చిన ఫైలు ఆలస్యమునకు కడపటి గుమాస్తాను సంజాయిషీ అడుగుట వంటిది.

ఫర్మ్‌వేరనగా నేమి? రౌటరు ఒక చిన్న కంప్యూటరు. తెర లేదు, మీటలు లేవు, అంతే భేదము. దానిలో నిక్షిప్తమై, దాని నడవడి నంతయు శాసించు ఆదేశముల సంపుటియే ఫర్మ్‌వేరు. 2002లో వెలువడిన లింక్‌సిస్ డబ్ల్యు.ఆర్.టి.54జి అను రౌటరులో లినక్స్ దాగియున్నదని తెలిసిన పిమ్మట, లినక్సు ఒడంబడిక ననుసరించి 2003లో ఆ సంస్థ మూలలిపిని లోకమునకు వెల్లడింపవలసివచ్చెను. ఓపెన్‌వర్ట్ మొదలగు స్వతంత్ర ఫర్మ్‌వేర్లు దానినుండియే పుట్టినవి. నాటినుండి ఔత్సాహికులలో ఒక నమ్మకము ప్రబలెను: ఫర్మ్‌వేరు మార్చి ప్రసారశక్తిని పెంచినచో వైఫై ఎంత దూరమైనను పోవునని.

ఈ నమ్మకమును కొంచెము నిదానించి చూడవలెను. అడ్డులేని మైదానమున దూరము రెండింతలైనచో చేరు శక్తి నాలుగవ వంతగును. కావున ప్రసారశక్తిని రెండింతలు చేసినను దూరము సుమారు 1.4 రెట్లే యగును. గోడలున్నచోట అంతయు దక్కదు. మరియొక చిక్కు కలదు. రౌటరు గొంతు పెంచినంతమాత్రమున ఫోను గొంతు పెరుగదు. హరిదాసుగారు మైకులో కథ చెప్పగా పందిరి చివరనున్న ముసలమ్మకు చక్కగ వినబడును. ఆమె అచటినుండి వేయు ప్రశ్న ఆయనకు వినబడునా? వైఫైలో పంపిన మూటలకు అందినవను రసీదు రావలెను. రానిచో మరల పంపవలెను. రసీదు తెచ్చునది ఫోనుయొక్క బలహీనమైన గొంతే. ఇక చట్టము. భారతదేశమున 2.4 గిగాహెర్ట్‌జ్ పరిధికి 2005లో లైసెన్సు మినహాయింపు లభించెను. 5 గిగాహెర్ట్‌జ్ పరిధి మినహాయింపు 2018లో విస్తరింపబడెను. మినహాయింపు లైసెన్సుకే గాని శక్తిపరిమితికి గాదు. దేశము పేరు మార్చినంతనే అనుమతికి మించిన శక్తితో ప్రసారము చేయ వీలుండెనని, 2016లో అమెరికా ప్రభుత్వపు నియంత్రణ సంఘము ఒక ప్రసిద్ధ రౌటరు సంస్థనుండి రెండు లక్షల డాలర్లు రాబట్టెను.

ఇప్పుడు హాడోలోనో జంగ్లీఘాటులోనో ఒక ఉద్యోగి గృహమును ఊహింపుడు. (గృహము కల్పితమే, దానిలోని అంకెలు లెక్క చూపుటకు అనుకొన్నవే.) తీగ ముందుగదిలోనికి వచ్చును గనుక రౌటరును అచటనే, ఉక్కు బీరువా వెనుక, ఎవరి కంటను పడకుండ అమర్చిరి. వెనుకగదిలో కుమార్తె ప్రవేశపరీక్షకు చదువుచున్నది. రాత్రి ఎనిమిది గంటలకు విశాఖపట్టణపు ఉపాధ్యాయుని పాఠము. పరీక్షకు రెండు నెలలు మాత్రమే మిగిలినవి. ప్రతిరాత్రియు పాఠము నాలుగైదుసార్లు తెగుచున్నది. ఒకనాడు రౌటరు కొత్త ఫర్మ్‌వేరు వచ్చినదని తెలిపెను. తండ్రి వెంటనే ఎక్కించెను. ఆ రాత్రి పాఠము తెగలేదు. ఆయన మరునాడు ఆఫీసులో నలుగురికి ఆ ఫర్మ్‌వేరును సిఫారసు చేసెను. మూడవ రాత్రి పాఠము యథాప్రకారము తెగెను. అంతట ఆయన పాతదానినే తిరిగి ఎక్కింప నిశ్చయించెను.

“నాన్నగారూ, ఆనాడు మారినది ఫర్మ్‌వేరు ఒక్కటేనా? రౌటరు ఆగి మరల మొదలయినది గదా!” అని కుమార్తె అడిగెను.

విషయమంతయు ఈ ప్రశ్నలోనే యున్నది. ఫర్మ్‌వేరు ఎక్కింపగనే రౌటరు తప్పక ఆగి మరల మేల్కొనును. మేల్కొన్నపుడు పరిసరముల విని, రద్దీ తక్కువగానున్న ఛానెలును ఎన్నుకొనును. ఫోనులన్నియు విడిపోయి కొత్తగ చేరును. ఒక్కొక్కప్పుడు పాత అమరికలు చెరిగి మొదటి అమరికలు తిరిగివచ్చును. ఈ మార్పులలో దేనివలన మేలు కలిగినను కీర్తి కొత్త ఫర్మ్‌వేరుకే దక్కును. కావున పరీక్షలో మొదటి మెట్టు, పాత ఫర్మ్‌వేరుతోడనే రౌటరును ఒకసారి ఆపి మొదలిడి, అమరికలను వ్రాసికొని, ఛానెలును స్వయముగ ఒకదానియందు నిలిపి కొలుచుట. పిమ్మట కొత్తదానిని ఎక్కించి, అమరికలు అవియే యని సరిచూచి కొలుచుట. తయారీదారు అనుమతించినచో పాతదానికి మరలి మూడవసారి కొలుచుట. మార్పు నిజమైనచో ఫర్మ్‌వేరుతో వచ్చి ఫర్మ్‌వేరుతో పోవలెను.

కొలుచుట యెట్లు? ఒక కంప్యూటరును తీగతో రౌటరునకు తగిలించి, రెండవదానిని వైఫైతో కలిపి, ఈ రెంటి నడుమనే సమాచారమును నడపవలెను. ఐపెర్ఫ్ అను ఉచిత కార్యక్రమము ఇందులకే కలదు. అప్పుడు సముద్రమును, వీధితీగను లెక్కలోనుండి తొలగిపోవును. తండ్రీకుమార్తెలు ముందుగదిలో కొలువగా ప్రతిసారియు 93, 94 మెగాబిట్లే వచ్చుచుండెను. ఇంత నిలకడ చూచి తండ్రి సంతసించెను గాని, అది వైఫై వేగము కాదు. చవుకరకపు రౌటర్లలో తీగ తగిలించు రంధ్రము సెకనుకు 100 మెగాబిట్లకు మించి పోనీయదు. గొట్టము సన్నమైనపుడు చెరువు లోతు తెలియదు. గిగాబిట్ రంధ్రము లేనిచోట దగ్గరి కొలతలను ప్రక్కనబెట్టి దూరపు కొలతలనే నమ్మవలెను.

వెనుకగదిలో, ఒకే బల్లమీద, ఒకే వైపునకు తిప్పియుంచిన కంప్యూటరుతో, తలుపు మూసి, రాత్రి ఎనిమిదింటికి కొలిచిరి. వేళ ముఖ్యము. పగలు పదిగంటలకు ఇరుగుపొరుగువారు ఆఫీసులలో నుందురు. వారి రౌటర్లును విశ్రమించును. ఎనిమిదింటికి గలిగిన వ్యాధిని పదింటికి వైద్యుడు చూచి ప్రయోజనము లేదు. పాత ఫర్మ్‌వేరుతో ఐదుమార్లు వచ్చిన వేగములు 31, 44, 28, 39, 35 మెగాబిట్లు. కొత్తదానితో 33, 41, 30, 46, 36. వరుసలో పెట్టినపుడు నడిమి అంకె పాతదానికి 35, కొత్తదానికి 36. ఒక్క మెగాబిట్టు లాభము! కాని పాతదానిలోనే ఒక కొలతకును మరియొక కొలతకును పదునారు మెగాబిట్ల తేడా యున్నది. పదునారు ఊగు త్రాసుమీద ఒకటి తూచుట సాధ్యము కాదు. ఒక్కొక్కసారి మాత్రమే కొలిచియుండిన, 44ను 30తో పోల్చి కొత్తది చెడ్డదనియు, 28ని 46తో పోల్చి కొత్తది అద్భుతమనియు, రెండును చెప్పవచ్చును. ఔత్సాహికుల ప్రశంసాపత్రములలో పెక్కు ఇట్టివే.

వానమాటయు తేల్చవలెను. దీవులలో ఏడాదిలో అధికభాగము వానయే గనుక నింద దానిమీదికి పోవుట సహజము. ఉపగ్రహపు రోజులలో మేఘములను దాటి వచ్చు సంకేతమునకు వాన కొంత అడ్డము తగిలినది వాస్తవమే. ఇంటిలోపలి ముప్పది అడుగులకు కప్పుమీద కురియు వానతో చెప్పుకోదగిన సంబంధము లేదు. రేకుల కప్పు, ఉక్కు బీరువా, ఇనుపకడ్డీలు గల కాంక్రీటు గోడ, నీటి పీపా – ఇవి శత్రువులు.

మరి పాఠము ఏల తెగుచున్నది? కొలతలతోపాటు కుమార్తె మరియొక గడి గీసికొని, ప్రతిసారియు కంప్యూటరు ఏ పరిధిలో నున్నదో, సంకేతబలము ఎన్ని డెసిబెల్లో వ్రాసెను. వెనుకగదిలో అది ప్రతిసారియు 2.4 గిగాహెర్ట్‌జ్ పరిధికి జారిపోయియున్నది. ఆ పరిధిలో ఒకదానిపై నొకటి పడని ఛానెళ్లు 1, 6, 11 అని మూడే. వరుసలోని ఇండ్లన్నియు ఆ మూడింటిలో ఇరుకుకొనవలెను. కొన్ని రౌటర్లు 3లోనో 4లోనో కూర్చుండి ఇరుప్రక్కలవారిని బాధించును. 5 గిగాహెర్ట్‌జ్ పరిధిలో చోటు విశాలము. కాని దాని తరంగములు గోడలకు త్వరగ లొంగును. ఈ యింట గోడలకుముందే బీరువా అడ్డుపడినది.

రౌటరును బీరువాపైకి, గది మధ్యవైపునకు, ఆరడుగుల యెత్తుకు మార్చిరి. ఇల్లాలికి ఆ తీగల వ్రేలాటము నచ్చలేదు. అది వేరు సంగతి. అదే రాత్రి, అదే బల్లమీద, వెనుకగదిలో కంప్యూటరు 5 గిగాహెర్ట్‌జ్ పరిధిలోనే నిలిచి 71, 66, 78, 69, 74 చూపెను. వీనిలో కనిష్ఠమైన 66, మునుపటి పది కొలతలలో గరిష్ఠమైన 46కంటె ఎక్కువ. ఇట్టి తేడాకు గణితశాస్త్రజ్ఞుని పిలువనక్కరలేదు.

తండ్రికి ఇంకను ఒక తలంపు మిగిలెను. కొత్త ఫర్మ్‌వేరు వేగమునకు పనికిరానిదైనపుడు పాతదానినే శాశ్వతముగ ఉంచిన నేమి? దీనికి కుమార్తె ఒప్పుకొనలేదు. 2017లో మాతీ వాన్‌హూఫ్ అను పరిశోధకుడు వైఫై రక్షణపద్ధతియందే లోపము కలదని నిరూపించెను. క్రాక్ అను పేర ప్రసిద్ధమైన ఆ లోపమునకు చికిత్స ఫర్మ్‌వేరు మార్పు రూపముననే రౌటర్లకు చేరెను. 2018లో వి.పి.ఎన్.ఫిల్టర్ అను దుష్టకార్యక్రమము 54 దేశములలో కనీసము ఐదు లక్షల రౌటర్లు మొదలగు యంత్రములలో ప్రవేశించెను. ఇంటిలో బ్యాంకు లావాదేవీలు, పింఛను పత్రములు, పిల్లల పరీక్షల దరఖాస్తులు అన్నియు ఆ చిన్న పెట్టెగుండనే పోవుచున్నవి. వేగము పెరుగలేదని తాళము మార్చకుండుట యెట్లు?

తొందర మాత్రము కూడదు. ఎక్కించుచున్న నాలుగైదు నిమిషములలో విద్యుత్తు పోయినచో రౌటరు మరల మేల్కొనకపోవచ్చును. ఔత్సాహికులు దానిని ‘ఇటుక అయినది’ అందురు. ప్రధానభూమిపై అది మరునాటికి తీరు నష్టము. దీవులలో కోరిన నమూనా అంగడిలో దొరకనిచో ఓడ రావలెను. ఓడకు మూడు దినముల ప్రయాణము, అదియు సముద్రము అనుకూలించినపుడు. పరీక్షకు పదిదినముల ముందు చేయదగిన పని కాదిది. కావున తయారీదారుని స్వంత స్థలమునుండియే ఫైలును తెచ్చుకొని, నమూనా సంఖ్య యంత్రము అడుగున వ్రాసినదానితో సరిపోల్చి, అమరికలను భద్రపరచి, ఇన్వర్టరు ఉన్నచో దానికి తగిలించి, పాఠము లేని ఆదివారపు ఉదయమున ఎక్కింపవలెను.

ఆ గృహమున ఇప్పుడు పాలలెక్క వ్రాయు పుస్తకము చివరి పుటలో ఒక పట్టిక యున్నది: తేది, వేళ, ఫర్మ్‌వేరు సంఖ్య, ఛానెలు, ఐదు కొలతలు, నడిమి అంకె. మూడు నెలలకొకసారి తండ్రియే వ్రాయుచున్నాడు. రెండవ పుటలో ఒకచోట నడిమి అంకె 72నుండి 51కి దిగినది. ప్రక్కన ఆయన దస్తూరితో “ఫర్మ్‌వేరు మారలేదు, వెనుకగది గుమ్మము ప్రక్కకు ఫ్రిజ్ వచ్చినది” అని వ్రాసియున్నది.