మూడు గ్రంథములు, ఒక జీవితము
(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపారమునకును, కార్యనిర్వహణకును, శీలనిర్మాణమునకును ఉపకరించు మంచి పుస్తకములను గూర్చి మాటాడుమని మీ పాఠశాలవారు మమ్ము కోరిరి. ఇట్టి పుస్తకములు నేడు వేలకొలది కలవు. వానిలో మేము మరల మరల చదువుకొనిన మూడింటిని మాత్రమే పేర్కొందుము.

మొదటిది బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వీయచరిత్ర. ఆయన పండ్రెండవ యేట అన్నగారి ముద్రణాలయమున పని నేర్చుకొన చేరిన బాలుడు. పెరిగి పెద్దవాడైన పిదప పదుమూడు సద్గుణములను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని, దినదినము తాను తప్పిన చోట నల్లని చుక్క పెట్టుకొనెడివాడు. చిట్టా వ్రాయని అంగడి నిలువదు. తన నడవడికి లెక్క వ్రాసికొనని మనుష్యుడును అంతియే.

రెండవది 1859లో సామ్యూల్ స్మైల్స్ ప్రకటించిన 'సెల్ఫ్ హెల్ప్'. ఇంగ్లాండులోని లీడ్స్ నగరమున కొందరు పేద యువకులు రాత్రివేళ కూడి, తెలిసినవాడు తెలియనివానికి నేర్పుచు చదువుకొనెడివారు. వారికై చేసిన ఉపన్యాసములే ఈ గ్రంథమునకు మూలము. స్వయంకృషిని బోధించిన పుస్తకము పరస్పర సహాయమునుండి పుట్టినదని మీరు మరువరాదు.

మూడవది 1954లో పీటర్ డ్రక్కర్ వెలువరించిన 'ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్'. లాభము వ్యాపారమునకు పరీక్షయే గాని పరమార్థము కాదనియు, కొనువాని అవసరమెరుగుటయే మొదటి పనియనియు అందలి సారము.

ఈ మూడును ఆంగ్ల గ్రంథములే. "మరి తెలుగు చదివినందువలన మా పిల్లవానికి ఏమి లాభము?" అని మొన్న ఒక తండ్రిగారు మమ్మడిగిరి. ఆ బాలుడు తెలుగు చక్కగా మాటాడును. అక్షరములు మాత్రము రావు. తండ్రిగారి ప్రశ్నలో ద్వేషము లేదు, బిడ్డ బ్రతుకును గూర్చిన చింత కలదు. మేము వారికి మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కును జ్ఞాపకము చేసితిమి.

ఆ పేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. కృష్ణాజిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించి, ఈ చెన్నపట్టణముననే కళాశాల విద్య నభ్యసించి, 1893లో బొంబాయియందు అమృతాంజనమును నెలకొల్పిరి. సంగీత సభలలో ఆ ఔషధమును ఉచితముగా పంచి, దాని గుణమును జనులే తెలిసికొనునట్లు చేసిరి. డ్రక్కర్ గ్రంథము వెలువడుటకు ఆరు దశాబ్దములకు పూర్వమే కొనువాని అవసరమును వారెరిగిరి.

గడించిన ధనమును వారేమి చేసిరి? తెలుగు నేలకు దూరమైన బొంబాయిలోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. 1914లో చెన్నపట్టణమున దానిని దినపత్రికగా నడిపిరి. 1924లో 'భారతి'ని, 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించిరి. వ్యాపారమును పరభాషల నడుమ నేర్చి, దాని ఫలమును మాతృభాషకు సమర్పించిన జీవితమిది.

కావున బాలలారా, ఆంగ్లము నేర్వుడు. మనకు అన్నము పెట్టుచున్న ఈ నేల భాషయగు తమిళమును ప్రేమతో నేర్వుడు. కాని పంతులుగారివంటివారు మనకై కూర్చిన పుస్తకములను తెరచి చదువలేని వారసులు కాకుడు. ఫ్రాంక్లిన్ వలె మీరును ఒక చిన్న పుస్తకమున దినచర్యను తెలుగులో వ్రాయుడు. లీడ్స్ యువకులవలె పై తరగతులవారు శనివారములందు చిన్నవారికి అక్షరములు నేర్పుడు. మేమును వచ్చి మీతో కూర్చుందుము. ఆ తండ్రిగారు తమ బాలుని పంపుదుమని మాట ఇచ్చియున్నారు. వచ్చు శనివారము మొదటి పలక అతనిదే.