టెక్నీషియన్‌ని బాస్ చెయ్యాల్సిందేనా?

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. కోడ్ బ్రహ్మాండంగా రాసే కుర్రాడు ఉంటాడు. జీతం పెరగాలంటే మేనేజర్ అవ్వాలి. అయ్యాక కోడ్ పోయి మీటింగులే మిగుల్తాయి. కంపెనీకి మంచి కోడర్ పోయి, ఓ మోస్తరు మేనేజర్ దొరుకుతాడు. ఇదే మిలిటరీలో జరిగితే? అక్కడ పనిమంతుడు లేని చోట ప్రాణాలు పోతాయి.

ఇవాళ అమెరికా సంగతి చెప్తాను. అక్కడ 1980లో ఒక చట్టం వచ్చింది. కెప్టెన్‌గానో మేజర్‌గానో ఉన్న ఆఫీసర్ పై ర్యాంకుకి రెండుసార్లు సెలెక్ట్ కాకపోతే, మామూలుగా ఇక ఇంటికే. ఎక్కితే ఎక్కు, లేకపోతే దిగిపో అన్నమాట. ఎక్కాలంటే దళాన్ని నడిపి ఉండాలి, హెడ్‌క్వార్టర్స్‌లో చేసి ఉండాలి, రెండు మూడేళ్లకోసారి పోస్టింగ్ మారాలి. మరి పొద్దస్తమానం నెట్‌వర్క్ ముందు కూర్చుని హ్యాకర్ల వెంటపడేవాడికి ఇవన్నీ ఎక్కడ కుదుర్తాయి?

దీనికి మందు వాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. 1955లో అమెరికా ఆర్మీ సిపాయిల్లో స్పెషలిస్ట్ అని వేరే ర్యాంకులు పెట్టింది. నువ్వు మెకానిక్‌వా, రేడియో ఆపరేటర్‌వా, పదిమంది మీద పెత్తనం చెయ్యకపోయినా పర్లేదు, పనిలో ఆరితేరితే సార్జెంట్‌తో సమానంగా జీతం ఇస్తాం అన్నారు. 1958కల్లా ఈ నిచ్చెన స్పెషలిస్ట్ నైన్ దాకా పెరిగింది. వినడానికి ఎంత బాగుందో!

కానీ ఒక మెలిక పెట్టారు. జీతం సార్జెంట్‌ది, మాట మాత్రం కార్పోరల్ కంటే కింద. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా, ఇంజిన్ గురించి ఓనమాలు రాని కార్పోరల్ చెప్తే వినాల్సిందే. డబ్బు ఇచ్చి గౌరవం దాచుకున్నారు. అలాంటి నిచ్చెన ఎవరు ఎక్కుతారు చెప్పండి? 1965లో పై రెండు మెట్లు తీసేశారు, 1978లో ఇంకోటి, 1985లో మరో రెండు. ఇప్పుడు స్పెషలిస్ట్ అంటే కింద మిగిలిన ఒక్క మెట్టే.

అదే ఆర్మీలో వారంట్ ఆఫీసర్ల దారి మాత్రం నిలబడింది. అక్కడ హెలికాప్టర్ పైలట్లలో ఎక్కువమంది వీళ్లే. కెప్టెన్ కొన్నాళ్లు ఎగిరి ఆఫీసు పనికి వెళ్లిపోతాడు, వారంట్ ఆఫీసర్ కెరీర్ అంతా ఎగురుతూనే ఉంటాడు. ఐదు మెట్లు. పైమెట్టు మీదున్నవాడు జనరల్‌కి సలహా ఇస్తాడు. సెల్యూట్ కూడా ఉంది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, యూనిఫాం వేసుకున్నవాడికి అది చిన్నది కాదు.

మన ఎయిర్‌ఫోర్స్‌లోనూ వారంట్ ఆఫీసర్ ఉన్నాడుగా అంటారేమో. పేరే ఒకటి. ఎయిర్‌మన్‌గా చేరినవాళ్లు ఏళ్లతరబడి ఎక్కివచ్చే ర్యాంకు అది, విడిగా వేసిన దారి కాదు.

అసలు తమాషా అమెరికా ఎయిర్‌ఫోర్స్‌ది. సీనియర్ సార్జెంట్లు ఉన్నారు కదా, ఇక వీళ్లెందుకు అని 1959లో వారంట్ ఆఫీసర్లని తీసుకోవడం ఆపేశారు. 2024లో మళ్లీ మొదలుపెట్టారు, ఐటీ, సైబర్ పనుల కోసం. మధ్యలో అరవై ఐదేళ్లు! ఈలోగా బయట కంపెనీలు అదే పనికి ఎంతిస్తున్నాయో మీకు తెలుసు.

అయితే నిపుణుడికి నాయకత్వమే అక్కర్లేదు అంటే నేను ఒప్పుకోను. పక్కనున్న కుర్రాడికి పని నేర్పడం, 'సార్, ఇది ఎగరదు' అని పైవాడి ముఖం మీదే చెప్పడం, అదీ నాయకత్వమే. వాళ్ల మీద రుద్దకూడనిది సెలవు చీటీలూ, ఫైళ్లూ.

ఇక మన దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఎంసీఈఎంఈ ఉంది కదా, ట్యాంకులూ రాడార్ల మరమ్మతు నేర్పే ఆర్మీ కాలేజీ. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో అగ్నివీర్ టెక్నికల్ అని ఒక విభాగం ఉంది, మీలో చాలామంది దానికి ప్రిపేర్ అవుతున్నారు. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత ఉంచుకునేది 25 శాతం వరకు. రాడార్ చప్పుడు విని రోగం చెప్పే చెయ్యి నాలుగేళ్లలో తయారవుతుందా? నాకు నమ్మకం లేదు. అందుకే ఆ 25లో టెక్నికల్ వాళ్లని విడిగా లెక్కగట్టి, ఎక్కువమందిని ఉంచుకోవాలంటాను. బయటికొచ్చేసిన మిగతావాళ్లకి ఆ పని ఎక్కడ పనికొస్తుందో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.