ఇంట్లో నెట్‌ను కొలుద్దాం

వీడియో కాల్‌లో మాట ఆగి ఆగి వస్తోందా? ముందు నెట్‌ను కొలవండి. ఏపీ ఫైబర్‌నెట్ అయినా, మరే కనెక్షన్ అయినా పద్ధతి ఒకటే.

చూడాల్సినవి రెండు: వేగం, ఆలస్యం. చెరకు బండ్లతో పోల్చి చూద్దాం. గంటలో చక్కెర ఫ్యాక్టరీకి ఎంత చెరకు చేరింది? అది వేగం. ఒక బండి వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టింది? అది ఆలస్యం. నెట్‌ను కొలిచే స్పీడ్ టెస్ట్‌లో ఈ ఆలస్యాన్నే పింగ్ అంటారు. వేగం ఎక్కువుండాలి, పింగ్ తక్కువుండాలి.

ముందు మిగతా ఫోన్లలో వైఫై ఆపేయండి. ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు కేబుల్‌తో కలిపి టెస్ట్ చేయండి. తర్వాత వైఫైలో చేయండి. వైఫైలోనే తగ్గిందా? లోపం ఇంట్లోనే. ఇనప బీరువా చాటునుంచి రూటర్‌ను తీసి ఎత్తులో పెట్టండి. కేబుల్‌తోనూ తగ్గిందా? పొద్దున, రాత్రి కొలిచి, రాసుకుని, ఆపరేటర్‌కు చూపించండి.

గుర్తుంచుకోండి: ముందు కేబుల్‌తో, తర్వాత వైఫైతో. ఆ తర్వాతే ఫిర్యాదు.