సివిల్స్‌లో మెడికల్ సైన్స్ పేపర్: మన పిల్లలతో నాలుగు మాటలు

(సంఘం వార్షికోత్సవ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. కలెక్టర్ని అంతకన్నా కాను. బీఎస్సీ, బీఈడీ చదివి, కొన్నేళ్ళు బయాలజీ చెప్పి, ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటున్న వార్డెన్ని. రోజూ గుడ్లు, పాలు లెక్కపెట్టుకునేదాన్ని సివిల్స్ గురించి మాట్లాడమంటారేంటని అడిగితే, "మీరు చేసిన తప్పు చెప్పండి మేడం, చాలు" అన్నాడు మన కార్యదర్శి తమ్ముడు. అందుకే తప్పుతోనే మొదలుపెడతాను.

మా హాస్టల్లో అయిదో తరగతి నుంచి పది దాకా ఉన్న ఒక అమ్మాయి ఎంబీబీఎస్ చదివింది. పేరు చెప్పను. తను చెప్పమంది గానీ వాళ్ళమ్మ వద్దంది. హౌస్ సర్జన్సీ చేస్తూ, సివిల్స్ రాస్తానని నా దగ్గరికొచ్చింది. ఆప్షనల్ ఏం తీసుకోమంటారని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మనం గిరిజనులం కదమ్మా, ఆంత్రోపాలజీ తీసుకో, నీకంతా తెలిసిందే" అన్నాను. నా మాట మీద గౌరవంతో అదే తీసుకుంది. రెండుసార్లు ప్రిలిమ్స్ దాటింది, రెండుసార్లూ మెయిన్స్‌లో ఆగిపోయింది. మార్కులు వచ్చాక చూస్తే దెబ్బ తగిలింది ఆప్షనల్లోనే. మన బతుకు మనకు తెలియడం వేరు, ఆ శాస్త్రంలో సిద్ధాంతాలు చదివి వాటి భాషలో జవాబు రాయడం వేరు. ఆంత్రోపాలజీ చెడ్డదని కాదు, ఇష్టపడి చదివినవాళ్ళకు అది మంచి సబ్జెక్టే. కానీ అయిదేళ్ళు చదివిన చదువును పక్కన పెట్టించి, కొత్తగా అ ఆ లు దిద్దించింది నేను. ఆ రెండేళ్ళూ వాళ్ళమ్మ కాఫీ పళ్ళు అమ్మిన డబ్బుతో సిటీలో గది అద్దె కట్టింది.

మూడోసారి తను నన్ను అడగలేదు. మెడికల్ సైన్స్ తీసుకుంది. ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. చివరి జాబితాలో పేరు రాలేదు. ఇప్పుడు ఒక పీహెచ్‌సీలో డాక్టర్‌గా పనిచేస్తూ మళ్ళీ రాస్తోంది. ఆ మూడోసారి తయారీలో కొంత భాగం మా హాస్టల్ స్టడీ హాల్లోనే జరిగింది. నేను చెప్పేదంతా అక్కడ చూసిందే.

ముందు లెక్క తెలుసుకోండి. ప్రిలిమ్స్‌లో ఇప్పుడు ఆప్షనల్ లేదు. మెయిన్స్‌లో 2013 నుంచి ఒక్కటే ఆప్షనల్, రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. మెయిన్స్ 1750, ఇంటర్వ్యూ 275, మొత్తం 2025లో ఈ 500 దాదాపు నాలుగో వంతు. మెడికల్ సైన్స్ ఎవరైనా తీసుకోవచ్చని రూలు ఉన్నా, ఎంబీబీఎస్ చదవనివాళ్ళు దాని జోలికి పోవద్దు. బైపీసీ బాగా వచ్చు కదా అని నన్ను అడిగిన తమ్ముడు ఒకడున్నాడు, వద్దు నాన్నా. ఫైనలియర్ పాసై ఇంటర్న్‌షిప్ పూర్తికాని వాళ్ళు మాత్రం మెయిన్స్ రాయొచ్చు, తాత్కాలికంగా అనుమతిస్తారు.

మొదటి పేపర్లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, ఫోరెన్సిక్ ఉంటాయి. రెండో పేపర్లో జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యం, చర్మవ్యాధులు, సర్జరీ, గైనిక్, కమ్యూనిటీ మెడిసిన్. వింటేనే భయమేస్తుంది, అయిదేళ్ళ చదువంతా మళ్ళీ నెత్తిన పెట్టుకోవాలా అని. అక్కర్లేదు. సిలబస్ కాగితం ముందు పెట్టుకుని చదవండి. అనాటమీ అంటే ఒంట్లోని ప్రతి ఎముకా కాదు. భుజం, తుంటి, మోకాలి కీళ్ళు, థైరాయిడ్, కాలేయం, గర్భసంచి, ఇలా పేర్లు రాసే ఇచ్చారు. చౌరాసియా, గానాంగ్, రాబిన్స్, త్రిపాఠి, పార్క్ అంటూ మీరు కాలేజీలో చదివిన పుస్తకాలే చాలు. మా అమ్మాయి ఆ కాగితాన్ని గోడకు అంటించుకుని, అందులో లేని అధ్యాయాలకు పుస్తకాల్లో రబ్బరు బ్యాండ్ వేసేసింది. అందులో ఇంకా సహస్రాబ్ది లక్ష్యాలని రాసి ఉంటుంది. వాటి గడువు 2015లోనే అయిపోయింది, ఇప్పుడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు. అలాంటి చోట కొత్తది మీరే కలుపుకోవాలి.

ఒక్కో పేపర్లో రెండు సెక్షన్లు, ఎనిమిది ప్రశ్నలు. ఒకటోది, అయిదోది తప్పనిసరి. మిగిలినవాటిలో మూడు రాయాలి, సెక్షన్‌కు కనీసం ఒకటి. తప్పనిసరి ప్రశ్నల్లో సెక్షన్‌లోని సబ్జెక్టులన్నీ తగులుతాయి, కాబట్టి ఫోరెన్సిక్ వదిలేస్తాను, బయోకెమిస్ట్రీ వదిలేస్తాను అంటే కుదరదు.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి.

ఒకరోజు తను మలేరియా నియంత్రణ కార్యక్రమం మీద జవాబు రాసి చూపించింది. లక్ష్యాలు, భాగాలు, వ్యూహాలు, అన్నీ పార్క్ పుస్తకంలో ఉన్నట్టే. తప్పు ఒక్కటి లేదు. కానీ ప్రశ్న విమర్శనాత్మకంగా విశ్లేషించమంది. పేపర్లు దిద్దిన టీచర్‌గా నాకు అర్థమైంది: ఇది చదివినవాళ్ళెవరైనా రాసే జవాబు. "మీ ఊళ్ళో దోమతెరలు ఇచ్చారు కదా, ఎవరు కట్టుకుంటున్నారు?" అని అడిగాను. నవ్వింది. పంట కాపలాకు మంచె మీద పడుకునేవాడు దోమతెర ఎక్కడ కడతాడు మేడం అంది. మరి మాత్రలు? వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులే, ప్రైమాక్విన్ మాత్రం 14 రోజులు వేసుకోవాలి, కాలేయంలో దాక్కున్న క్రిమి చావాలంటే. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది. నాలుగో రోజు సంత. మాత్రల పొట్లం చూరులో ఉండిపోతుంది, కొన్ని వారాలకో నెలలకో జ్వరం మళ్ళీ వస్తుంది. "ఇది రాయలేదేం?" అన్నాను. "ఇది పుస్తకంలో లేదు కదా" అంది.

చూశారా? క్రిమి సంగతి మైక్రోబయాలజీ, మందు సంగతి ఫార్మకాలజీ, సంత సంగతి కమ్యూనిటీ మెడిసిన్. మూడూ కలిపి నాలుగు వాక్యాల్లో రాయగలిగింది తను ఆ ఊరి పిల్ల కాబట్టే. దేశం 2030కి మలేరియాను నిర్మూలించాలని పెట్టుకుంది. ఆ లక్ష్యానికి అడ్డం ఎక్కడుందో చెప్పగల డాక్టర్ జవాబును దిద్దేవాళ్ళు గుర్తుపడతారు.

ఆరోగ్య సేవల వ్యవస్థ ప్రశ్న కూడా అంతే. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, గిరిజన కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి. సబ్‌సెంటర్ అక్కడ 5,000కి, మనకు 3,000కి. కాగితం మీద మనకు మేలే చేశారు. కానీ ఆ 3,000 మంది ఎన్ని కొండల మీద చెల్లాచెదురుగా ఉన్నారో లెక్కలో లేదు. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు నిండు గర్భిణిని డోలీలో మోసినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అలా అని జవాబులో కన్నీళ్ళు రాయకండి. జనాభాతో పాటు ప్రయాణానికి పట్టే సమయాన్ని కూడా కొలమానంగా తీసుకోవాలని రాయండి, సాలూరులో ఐటీడీఏ నెలలు నిండుతున్న గర్భిణులకు వసతిగృహం నడిపిన సంగతి ఉదాహరణగా చూపండి. బాధ చెప్పుకోవడానికి సంఘం ఉంది, పరీక్ష పేపర్ కాదు.

చర్మవ్యాధుల్లో గజ్జి ఉంది. ఇది నాకూ తెలుసు! మొదటి ఏడాది దురద ఉన్న పిల్లలకే మందు పూయించాను, నెల తిరిగేసరికి మళ్ళీ గది మొత్తం గోకుడే. దురద ఉన్నా లేకున్నా అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి కాళ్ళ దాకా పర్మెత్రిన్ పూసి, దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికించి, వారం తర్వాత మళ్ళీ పూయాలని ఏఎన్ఎం చెప్పాక గాని పోలేదు. హాస్టల్లో పెరిగిన డాక్టర్ ఆ జవాబును ఎలా రాయాలో నేను చెప్పాలా?

తెలిసినదాన్ని సమయంలో రాయడమే కష్టం. 180 నిమిషాలు, 250 మార్కులు. పది మార్కుల ప్రశ్నకు ఏడు నిమిషాలు పడుతుంది, 20 మార్కులకు 14. మా అమ్మాయి మొదటి పరీక్షలో మూడు గంటల్లో మూడున్నర ప్రశ్నలే రాసింది. కీళ్ళ బొమ్మ అందంగా వేస్తూ కూర్చుంది. బొమ్మ ఒక నిమిషంలో అయిపోవాలి, నాలుగు భాగాలకు పేర్లుండాలి, అంతే. ప్రతి ఆదివారం నేను స్టడీ హాల్ గడియారం కింద కూర్చున్నాను, ఏడు నిమిషాలకొకసారి బల్ల మీద స్కేలుతో కొట్టాను. తనకు కోపం వచ్చేది. ఏడో ఆదివారానికి అయిదూ పూర్తయ్యాయి. నాకు వైద్యం తెలియకపోయినా, అడిగిందానికి జవాబు ఉందా, చదవగలిగేలా ఉందా అన్నది తెలుసు. మీ ఊళ్ళో ఏ టీచరైనా మీకు ఆ సాయం చేయగలరు. ఈ ఆప్షనల్‌కు కోచింగ్ దొరకడం కష్టం, దాని కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు కూడా.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకొక మాట. జనరల్ స్టడీస్ తెలుగులో రాసి, ఆప్షనల్ ఒక్కటి ఇంగ్లీషులో రాసే వీలుంది. ఇంగ్లీషు మీడియం వాళ్ళకింకో మాట: భాష పేపర్లో 300కి 75 రాకపోతే మిగతా పేపర్లు లెక్కలోకే రావు. మన ఇంటి భాష కువి అయినా, ఆదివాసీ ఒరియా అయినా ఆ జాబితాలో లేదు (సంతాలీ, బోడో ఉన్నాయి, మనది ఎప్పుడొస్తుందో). కాబట్టి తెలుగు దస్తూరి మరిచిపోవద్దు.

మహారాష్ట్రలో భిల్లుల బిడ్డ రాజేంద్ర భరూడ్ గారు ముంబయిలో ఎంబీబీఎస్ చదివి, 2013 బ్యాచ్ ఐఏఎస్ అయ్యారు. నందుర్‌బార్ కలెక్టర్‌గా కరోనా రెండో ఉధృతికి ముందే ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టించారు. ఆ కథ చెప్పి మిమ్మల్ని ఊపేయడం నాకు తేలికే. కానీ తల్లిదండ్రులు కూడా ఇక్కడున్నారు. ఎస్టీలకు వయసు 37 వరకు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. ఆ సడలింపు మన హక్కు, కానీ అందులోనే పదేళ్ళు కూరుకుపోయిన పిల్లల్ని చూశాను. ఎన్నిసార్లు రాస్తారో ముందే ఇంట్లో చెప్పండి. ఉద్యోగం వదలకండి. యూపీఎస్సీయే పెట్టే కంబైన్డ్ మెడికల్ సర్వీసెస్ కూడా రాయండి; రెండో పేపర్లోని సబ్జెక్టులే చాలావరకు అందులోనూ ఉంటాయి, అది బిట్ల పరీక్ష.

కిందటి నెల ఆ అమ్మాయి తల్లి సంతలో కనబడింది. "మళ్ళీ రాస్తుందట, మీరే చెప్పారా?" అంది. ఈసారి నేను చెప్పలేదమ్మా అన్నాను. నమ్మిందో లేదో తెలీదు.

మెడిసిన్ చదువుతున్నవాళ్ళు ఈ సభలో అయిదారుగురున్నారని విన్నాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆదివారం ఉదయం తొమ్మిదికి మా స్టడీ హాల్ ఖాళీగానే ఉంటుంది. తెల్ల కాగితాలు, పెన్నులు మీరే తెచ్చుకోండి. స్కేలు నా దగ్గరుంది.